మీకు తెలుసా? చెవి కూడా చప్పుడు చేస్తుంది!

చెవి వింటుందని అందరికీ తెలుసు. తిరిగి ఓ సన్నటి చప్పుడు చేస్తుందని తెలుసా? లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా ఉంటుంది. శబ్దం అందగానే అందులోని కేశకణాలు కదిలి, మనకు వినబడనంత సన్నటి ధ్వనిని బయటికి పంపుతాయి. లండన్‌లో డేవిడ్ కెంప్ 1978లో ఈ సంగతి బయటపెట్టారు. ఇవాళ పసిబిడ్డకు చేసే ఓఏఈ అనే వినికిడి పరీక్షకు ఆధారం అదే. చెవిలో మెత్తటి మొన పెట్టి చిన్న చిన్న శబ్దాలు వినిపిస్తారు. తిరిగొచ్చే ధ్వనిని యంత్రం పట్టుకుంటుంది. బిడ్డ నిద్రలో ఉండగానే పని అయిపోతుంది. సూది లేదు, నొప్పి లేదు.

'రెఫర్' అంటే చెవుడు కాదు. రిపోర్టులో ఒక్కో చెవికి 'పాస్' అనో 'రెఫర్' అనో ఉంటుంది. రెఫర్ అంటే మరోసారి చూడాలని అర్థం. చెవిలో పుట్టుకనాటి తెల్లటి జిగురు మిగిలినా, మధ్యచెవిలో నీరు నిలిచినా, బిడ్డ ఏడ్చినా, గదిలో గోలగా ఉన్నా రెఫర్ రావచ్చు. మళ్లీ చేసినప్పుడు చాలామంది పాసవుతారు. అలాగని ఆ రెండో పరీక్ష మానేయకూడదు. ఒక్క చెవికే రెఫర్ వచ్చినా అంతే.

మళ్లీ రెఫర్ వస్తే బేరా అనే పరీక్ష చేస్తారు. నుదుటి మీద, చెవుల వెనక చిన్న బిళ్లలు అంటించి, శబ్దం నరం గుండా మెదడు దాకా చేరుతోందా, ఎన్ని డెసిబెల్స్ దగ్గర చేరుతోందో చూస్తారు. బిడ్డ కదలకుండా నిద్రపోవాలి. కాబట్టి దారిలో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్లి, అక్కడ పాలు పట్టి జోకొట్టడం మేలు. నవజాత శిశువుల ఐసీయూలో (ఎన్‌ఐసీయూ) రోజుల తరబడి ఉన్న బిడ్డకు ఓఏఈ పాసైనా బేరా అడగండి. అలాంటి బిడ్డకు రాగల నరంలోని లోపం ఓఏఈకి దొరకదు.

పళ్లెం పరీక్షను నమ్మొద్దు. పళ్లెం మోగిస్తే ఉలిక్కిపడ్డాడు, ఇంకేం అంటారు నానమ్మలు. అంత గట్టి మోత కొంత వినికిడి లోపమున్న బిడ్డకూ అందుతుంది. 'స', 'శ' లాంటి సన్నటి శబ్దాలే అందవు. 'మా వంశంలో ఎవరికీ లేదు' అన్నదీ భరోసా కాదు. పుట్టు చెవుడున్న పిల్లల్లో నూటికి 90 మందికి పైగా తల్లిదండ్రులు చక్కగా వినేవాళ్లే.

1-3-6 గుర్తుంచుకోండి. నెలలోపు తొలి పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స మొదలు. నెలల బిడ్డకూ వినికిడి యంత్రం పెట్టొచ్చు. దానితో ఫలితం లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. మాట నేర్చుకోవడానికి మెదడు చురుగ్గా ఉండే కాలం ఈ తొలి ఏళ్లే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో వినికిడి లోపాన్నీ చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వాక్, వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఉంది.

'పాస్' జీవితకాలపు హామీ కాదు. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వల్లో, జన్యు కారణాలతోనో తర్వాత కూడా వినికిడి తగ్గొచ్చు. ఏడాదిన్నర దాటినా అత్త, తాత లాంటి మాటలు రాకపోతే 'వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి' అని ఊరుకోకుండా మళ్లీ పరీక్ష చేయించండి.

వినికిడి పరీక్ష రిపోర్టును టీకాల కార్డులోనే పెట్టండి. ఆరు వారాల టీకాకు వెళ్లిన రోజు డాక్టరుకు రెండూ కలిపి చూపించొచ్చు.