మూలపడిన ఫోనుకు రెండవ ఆయుర్దాయం

బీరువా అరలోనో, బల్ల సొరుగులోనో ఒక పాత స్మార్ట్‌ఫోను మూలపడి లేని ఇల్లు నేడు అరుదు. దాని తెర పగలలేదు. మాట స్పష్టంగానే వినిపిస్తుంది. కెమెరా కూడా పనిచేస్తుంది. అయినప్పటికీ అది వాడుకకు దూరమైంది. కారణమడిగితే అప్‌డేట్లు ఆగిపోయాయనీ, కొత్త యాప్‌లు ఎక్కడం లేదనీ సమాధానం వస్తుంది. యంత్రం బాగానే ఉన్నది. దానిని నడిపించే సాఫ్ట్‌వేరుకు కాలం చెల్లింది. ఆ సాఫ్ట్‌వేరును తొలగించి, స్వచ్ఛంద కార్యకర్తలు తీర్చిదిద్దిన మరొకదానిని స్థాపించుకొనే మార్గం ఒకటి ఉన్నది. ఆ మార్గం ఎట్టిది, దానివల్ల కలిగే మేలు ఎంత, ప్రమాదం ఎక్కడ పొంచి ఉన్నది అన్న విషయాలను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సంస్థలు ఎందుకు విడిచిపెడతాయి?

ఫోనులోని సకల భాగాలను నడిపించే మూల సాఫ్ట్‌వేరును నిర్వహణ వ్యవస్థ, అనగా ఆపరేటింగ్ సిస్టం అంటారు. మన దేశంలోని స్మార్ట్‌ఫోన్లలో అత్యధికం ఆండ్రాయిడ్‌పై నడుస్తాయి. గూగుల్ సంస్థ 2005లో ఆండ్రాయిడ్‌ను కొనుగోలు చేసింది. తొలి ఆండ్రాయిడ్ ఫోను 2008లో వెలువడింది. దీని అడుగున ఉన్నది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్. ఆండ్రాయిడ్ మూలభాగపు సోర్స్ కోడ్ బహిరంగంగా లభిస్తుంది. ఎవరైనా దానిని చదువవచ్చు, మార్చవచ్చు, తమ మార్పులతో ఇతరులకు పంచిపెట్టవచ్చు.

అయితే గూగుల్ విడుదల చేసిన కొత్త రూపం నేరుగా మన ఫోనులోకి రాదు. చిప్ తయారీదారు తన భాగానికి తగిన డ్రైవర్లను అందించాలి. ఫోను సంస్థ వాటిని జోడించి, తన హంగులు చేర్చి, పరీక్షించి పంపాలి. ఈ పనికి వ్యయం అవుతుంది. ఒకసారి అమ్ముడైపోయిన ఫోనుపై సంస్థకు మరల వచ్చే ఆదాయం స్వల్పం. అందువల్ల చవక ఫోన్లకు రెండు మూడేళ్లలోనే అప్‌డేట్లు నిలిచిపోవడం చాలాకాలం ఆనవాయితీగా సాగింది. ఇటీవల కొంత మార్పు వచ్చిన మాట నిజం. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల హామీ ఇచ్చాయి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఒక నమూనా అమ్మకం ముగిసిన తరువాత కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు అందాలి. కానీ మన సొరుగులోని పాత ఫోనుకు ఈ హామీలేవీ వర్తించవు.

అప్‌డేట్లు ఆగితే కొత్త హంగులు రాకపోవడం ఒక్కటే నష్టం కాదు. 2015లో బయటపడిన స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం వల్ల, ఒక మల్టీమీడియా సందేశం పంపినంతనే ఇతరులు ఫోనులోకి చొరబడగల వీలు ఏర్పడింది. ఆ ఏడాది ఆగస్టు నుండి గూగుల్ ప్రతి నెలా భద్రతా సవరణలను ప్రకటించసాగింది. ఆ సవరణలు అందని ఫోను, గడియ పడని తలుపు వంటిది.

సంస్థ పోయినా పని నిలిచింది

2009లో స్టీవ్ కోండిక్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ తొలి ఆండ్రాయిడ్ ఫోను కోసం తన సొంత మార్పులతో ఒక రూపం తయారుచేశాడు. అదే సయనోజెన్‌మాడ్. ఆ ఏడాదే గూగుల్ అభ్యంతరం తెలిపింది. ఆండ్రాయిడ్ బహిరంగమే గాని, జీమెయిల్, మ్యాప్స్, యాప్‌ల అంగడి వంటి గూగుల్ సొంత యాప్‌లు బహిరంగం కావన్నది ఆ అభ్యంతరం. ఇటువంటి వ్యవస్థలలో చాలావాటికి గూగుల్ యాప్‌లను నేటికీ వేరుగా ఎక్కించుకోవలసి రావడానికి మూలం ఇక్కడే ఉన్నది.

2013లో ఈ ప్రయత్నం ఒక వ్యాపార సంస్థగా రూపుదాల్చింది. మన దేశంలో దాని పేరు న్యాయస్థానం దాకా వెళ్లింది. సయనోజెన్ వ్యవస్థతో వచ్చిన వన్‌ప్లస్ వన్ ఫోను అమ్మకాలపై, భారతదేశంలో ఆ వ్యవస్థపై ప్రత్యేక హక్కు తమదని మైక్రోమాక్స్ దావా వేయగా, 2014 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు తాత్కాలిక నిషేధం విధించింది. 2016 డిసెంబరులో ఆ వ్యాపార సంస్థ తన సేవలను మూసివేసింది. కానీ సోర్స్ కోడ్ బహిరంగంగా ఉన్నందున స్వచ్ఛంద కార్యకర్తలు ఆ నెలలోనే దానిని అందుకొని లినియేజ్ ఓఎస్ అన్న పేరుతో కొనసాగించారు. సంస్థ మూతపడినా పని నిలిచి ఉండడం బహిరంగ మూల సాఫ్ట్‌వేరులోని ముఖ్య విశేషం. కెనానికల్ సంస్థ 2017లో విడిచిపెట్టిన ఉబుంటు టచ్‌ను యూబీపోర్ట్స్ బృందం నేటికీ నడుపుతున్నది. అదే ఏడాది మొదలైన పోస్ట్‌మార్కెట్ ఓఎస్, పాత ఫోనును ఒక చిన్న లినక్స్ కంప్యూటరుగా మలచడానికి యత్నిస్తున్నది. ఈ రెండింటిలో అనేక ఫోన్ల కెమెరా, కాల్స్ వంటివి పూర్తిగా పనిచేయకపోవచ్చు. కాబట్టి సామాన్య వాడుకకు ఆండ్రాయిడ్ ఆధారిత లినియేజ్ వంటిదే అనుకూలం.

మన భాషలకు కలిగే మేలు

సరిహద్దు జిల్లాల కుటుంబాలకు ఇందులో మరొక ప్రయోజనం కలదు. ఆండ్రాయిడ్‌లో తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు ఆదరణ 2012 నాటి 4.1 రూపంతో వచ్చింది. అంతకు పూర్వపు ఫోన్లలో తెలుగు అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపించడం పలువురికి గుర్తుండే ఉంటుంది. మెనూలు సైతం తెలుగు, కన్నడ, తమిళ, మరాఠీ భాషలలో రావడం 2014 నాటి 5.0తో మొదలైంది. ఒకే ఫోనులో ఒకటికి మించిన భాషలను వరుసక్రమంలో ఎంచుకొనే వీలు 2016 నాటి 7.0తో కలిగింది. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో మరాఠీయో చదివే పిల్లలున్న చోట ఇది అక్కరకు వచ్చే సదుపాయం. పాత రూపం వద్దనే ఆగిపోయిన ఫోనుకు కొత్త వ్యవస్థను స్థాపిస్తే ఈ సౌకర్యాలు కూడా దక్కుతాయి.

మొదటి మెట్టు: ఫోను అసలు పేరు

ప్రతి నమూనాకు వ్యవస్థను వేరుగా తయారుచేస్తారు. ఒక ఫోనుది మరొక ఫోనుకు ఎక్కించరాదు. పెట్టెపై ముద్రించిన పేరును మాత్రమే నమ్మినా పొరపాటే. ఇందుకు 2017 జనవరిలో మన దేశంలో విడుదలై విస్తారంగా అమ్ముడైన షావోమీ రెడ్‌మీ నోట్ 4 మంచి ఉదాహరణ. ఇక్కడ అమ్మినది స్నాప్‌డ్రాగన్ 625 చిప్ గలది. దాని సంకేతనామం మిడో. 2016లో చైనాలో అదే పేరుతో వచ్చినది మీడియాటెక్ చిప్ గలది. దాని సంకేతనామం నికెల్. పేరు ఒకటే గాని లోపలి యంత్రాలు వేరు. ఒకదాని ఫైలు మరొకదానికి ఎక్కిస్తే ఫోను లేవకుండా పోవచ్చు.

మిడో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. సంస్థ దానికి 7 వరకే ఇచ్చి ఆపివేసింది. స్వచ్ఛంద కార్యకర్తలు అంతకు పైరూపాలను సైతం దానిపై నడిపించి చూపారు. మీ ఫోనుకు ప్రస్తుతం ఆదరణ ఉన్నదా లేదా అన్నది లినియేజ్ వారి అధికారిక పట్టికలో సంకేతనామంతో సరిచూసుకోవాలి. అందులో లేకపోతే, ఎవరో తయారుచేసి ఎక్కడో ఉంచిన ఫైలు కోసం వెదకడం క్షేమం కాదు. నిర్వహణ వ్యవస్థను రాసినవాడికి ఆ ఫోనులో కనిపించనిది ఏదీ ఉండదు. తక్కువ రుసుముకు చేసిపెడతామనే దుకాణాలలో కూడా, ఎక్కించే ఫైలు ఎక్కడిదని అడగడం మన హక్కు.

తాళం ఎవరి చేతిలో ఉన్నది?

ఫోను ఆన్ చేయగానే మొట్టమొదట మేలుకొనే చిన్న ప్రోగ్రామును బూట్‌లోడర్ అంటారు. సంస్థ ముద్ర ఉన్న వ్యవస్థను తప్ప వేరొకదానిని అది లేవనీయదు. దొంగల నుండి, చొరబాటుదారుల నుండి ఇది రక్షణ. యజమానికి మాత్రం ఇదే అడ్డుగోడ. ఈ తాళం తీయడానికి ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క పద్ధతి. పిక్సెల్ ఫోన్లలో సాధారణంగా ఒక ఆదేశంతో తీయవచ్చు. మోటరోలా పలు నమూనాలకు కోడ్ ఇస్తుంది. షావోమీ ఫోనుకు ఆ సంస్థ ఖాతాతో అనుమతి కోరి కొన్ని రోజులు వేచి ఉండవలసి వస్తుంది. హువావే 2018లో కోడ్‌లు ఇవ్వడమే మానివేసింది. డబ్బు చెల్లించి కొన్న వస్తువు తాళంచెవి అమ్మినవారి వద్దనే ఉండిపోవడం ఉచితమా అన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది.

తాళం తీసిన క్షణాన ఫోనులోని సమాచారమంతా చెరిగిపోతుంది. ఫొటోలు, ఫోను నంబర్లు, సందేశాలు ముందుగానే వేరొకచోట భద్రపరచుకోవాలి. ఈ హెచ్చరికను అలక్ష్యం చేసి, దివంగతులైన పెద్దల ఫొటోలను పోగొట్టుకొంటే వాటిని మరల తెచ్చే విద్య ఏదీ లేదు.

స్థాపన క్రమం

నమూనాను బట్టి వివరాలు మారుతాయి గనుక అధికారిక సూచనలను ఆసాంతం చదివిన తరువాతనే పని మొదలుపెట్టాలి. స్థూలంగా క్రమం ఇది.

మొదట ఫోను సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరుపై ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకొంటాయి. షావోమీ ఫోన్లలో మీయూఐ వెర్షన్ అన్నచోట నొక్కాలి. లోపల ఓఈఎం అన్‌లాకింగ్, యూఎస్‌బీ డీబగ్గింగ్ అన్న రెండింటిని అనుమతించాలి. కంప్యూటరులో గూగుల్ ఉచితంగా ఇచ్చే ఏడీబీ, ఫాస్ట్‌బూట్ పనిముట్లను సిద్ధం చేసుకోవాలి. కేబుల్ మంచిదై ఉండాలి. ఫోనులో తగినంత చార్జింగ్ ఉండాలి. నడుమ కరెంటు పోతే ఆగిపోని ల్యాప్‌టాప్ అయితే మేలు.

దించుకొన్న ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 అనే సరిపోలిక సంఖ్య ఉంటుంది. కంప్యూటరులో లెక్కించిన సంఖ్య, అధికారిక పుటలోని సంఖ్య ఒక్కటైతేనే ఫైలు నిఖార్సయినది. తరువాత ఫాస్ట్‌బూట్ ద్వారా తాళం తీసి, రికవరీ అనే చిన్న సహాయక వ్యవస్థను ఎక్కించాలి. ఆ రికవరీలోకి ప్రవేశించి, పాత సమాచారాన్ని చెరిపి, కంప్యూటరు నుండి సైడ్‌లోడ్ అనే విధానంలో కొత్త వ్యవస్థను పంపాలి. గూగుల్ యాప్‌లు కావలసినవారు ఫోను తొలిసారి లేవకముందే వాటిని కూడా పంపాలి. తరువాత ఎక్కిస్తే ఇబ్బందులు వస్తాయి. తొలిసారి లేవడానికి కొన్ని నిమిషాలు పట్టడం సహజం. కంగారుపడి మధ్యలో ఆపరాదు.

పని పూర్తయిన తరువాత బూట్‌లోడర్‌కు మరల తాళం వేయాలన్న ఆలోచన కలుగవచ్చు. అధిక శాతం ఫోన్లలో ఇది ప్రమాదకరం. సొంత ముద్ర లేని వ్యవస్థను చూసి బూట్‌లోడర్ మొరాయిస్తే ఫోను నిర్జీవమవుతుంది. ఇట్టి స్థితిని ఈ రంగంవారు బ్రిక్ అంటారు, అనగా ఇటుక. మరొక అపోహ కూడా ఉన్నది. కొత్త వ్యవస్థ స్థాపించడం, ఫోనును రూట్ చేయడం ఒకటి కావు. లినియేజ్ రూట్ లేకుండానే వస్తుంది. సామాన్య వాడుకరి అలాగే ఉంచుకోవడం మంచిది.

బాగుపడనివి ఏవి?

చిప్, మోడెం వంటి భాగాలను నడిపే లోపలి ప్రోగ్రాములు బహిరంగం కావు. తయారీదారు వాటిని సవరించడం ఆపివేస్తే, ఆ లోపాలను స్వచ్ఛంద కార్యకర్తలు కూడా పూడ్చలేరు. అందువల్లనే కొత్త వ్యవస్థ సెట్టింగ్స్‌లో రెండు భద్రతా తేదీలు కనిపించవచ్చు: ఒకటి ఆండ్రాయిడ్‌ది, రెండవది తయారీదారు భాగానిది. మొదటిది ఈ ఏటిదై, రెండవది అయిదారేళ్ల నాటిదైతే ఫోను సగమే బాగుపడినదని గ్రహించాలి.

కాల్స్ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. జియో వంటి 2జీ, 3జీ లేని నెట్‌వర్క్‌లో మాట్లాడడానికి వోల్టీ సౌకర్యం తప్పనిసరి. కొన్ని నమూనాలలో కొత్త వ్యవస్థతో అది పనిచేయదు, ముందుగానే తెలుసుకోవాలి. ఉబ్బిన బ్యాటరీని సాఫ్ట్‌వేరు బాగుచేయదు. దానిని వెంటనే తొలగించి ఈ-వ్యర్థాల సేకరణకు అప్పగించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది డబ్బు వ్యవహారం. బ్యాంకు, యూపీఐ యాప్‌లు పెక్కు ఫోను సంస్థ ముద్రతో, తాళం వేసి ఉన్నదా అని పరీక్షిస్తాయి. తాళం తీసిన ఫోనులో అవి తెరుచుకోకపోవచ్చు. నేడు తెరుచుకొన్నవి రేపు మొరాయించవచ్చు. వాటిని మోసగించే ఉపాయాలు ప్రచారంలో ఉన్నా, పింఛను, జీతం జమయ్యే ఖాతాతో అటువంటి ప్రయోగాలు తగవు.

ఎవరికి తగిన పని?

ఇంట ఉన్నది ఒక్కటే ఫోనై, అందులోనే బ్యాంకు, గ్యాసు, రేషను వ్యవహారాలు సాగుతుంటే ఈ పనికి దిగవద్దు. రెండవ ఫోను మూలపడి ఉంటే మాత్రం వెనుకాడనక్కరలేదు. అది పిల్లల పాఠాలకు, పెద్దల వీడియో కాల్స్‌కు, పాటలకు, పుస్తక పఠనానికి పనికివస్తుంది. ఎఫ్-డ్రాయిడ్ అనే భాండాగారం నుండి బహిరంగ మూల యాప్‌లను గూగుల్ ఖాతా లేకుండానే పొందవచ్చు. కివిక్స్ అనే యాప్‌లో తెలుగు వికీపీడియాను నింపి ఇస్తే, సిగ్నల్ అందని ఊరిలో కూడా ఆ ఫోను ఒక చిన్న గ్రంథాలయమవుతుంది.

సంస్థ గడువు ముగిసినంత మాత్రాన వస్తువు ఆయుర్దాయం ముగియదు. కొత్త ఫోను కొనే ముందు పాతదాని సంకేతనామం ఏదో ఒకసారి చూడండి; పట్టికలో దాని పేరు ఉన్నదేమో వెదకండి. ఉన్నట్లయితే, ఫొటోలు భద్రపరచుకొని, తీరికగా ఒక ఆదివారం కూర్చోండి.