చిట్టీ పాట, దిద్దరాని పద్దు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చిట్టీ ఎరగని ఇల్లు అరుదు. గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బో, మరమగ్గం కూలో నెలనెలా అందులో పడుతుంది. కట్టేవాళ్ల గుబులు ఒక్కటే: పద్దు రాసేదీ దిద్దేదీ కంపెనీయే.

ఇలాంటి దిద్దుబాటుకు అడ్డుకట్ట 1991లో మొదలైంది. అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధకులు హేబర్, స్టోర్నెటా ప్రతి డిజిటల్ పత్రం నుంచీ గణితంతో ఒక చిన్న సంకేతం తీసి, దాన్ని తర్వాతి పత్రానికి ముడివేశారు. 1995 నుంచి వాళ్ల కంపెనీ అలాంటి సంకేతాన్ని వారం వారం న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటనగా వేయించింది. ఇళ్లకు చేరిన పేపర్లన్నీ వెనక్కి తెచ్చి దిద్దడం ఎవరి తరం? 2008లో సతోషి నకమోటో పేరుతో వచ్చిన బిట్‌కాయిన్ పత్రం ఇలా నకళ్లు అందరి దగ్గరా ఉంచే పనిని కంప్యూటర్ల గుంపుకు అప్పగించింది.

సంకేతాలతో ముడిపడిన ఆ గొలుసులో, అంటే బ్లాక్‌చెయిన్‌లో, తొలి బ్లాక్ (లావాదేవీల కట్ట) తేదీ 2009 జనవరి 3. నాలుగు రోజులకే సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది: లెక్కల్లో చూపిన నగదులో రూ.5,040 కోట్లు లేనేలేవు. బ్లాక్‌చెయిన్ ఉంటే సత్యం కుంభకోణం జరిగేదే కాదంటారు కొందరు. నేను నమ్మను. అక్కడ రాసిందే అబద్ధం. గొలుసు దాన్నీ భద్రంగానే దాస్తుంది.

చిట్టీ సంగతి వేరు. 20 మంది కట్టే లక్ష చిట్టీని ఒకరు 20 వేలు తగ్గించి పాడారనుకుందాం. కమీషన్ 5 వేలు పోతే 20 మందికీ తలా 750 రావాలి. తర్వాత ఎవరో 20 వేలను 15 వేలుగా దిద్దితే తలా 250 మాయం. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం పాట మినిట్స్ నకలు 21 రోజుల్లో రిజిస్ట్రార్‌కు చేరాలి. కాగితాన్ని మార్చడానికి అన్ని రోజులు అక్కర్లేదు. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ కోసం హైదరాబాద్ స్టార్టప్ చిట్‌మంక్స్ తయారుచేసిన టి-చిట్స్ ఈ లెక్కల్నే బ్లాక్‌చెయిన్‌కు ఎక్కించింది. ఒక్క అంకె మారినా సంకేతం మొత్తం మారిపోయి, తర్వాతి బ్లాకుతో పొసగదు.

ప్రైవేటు కంపెనీల బోర్డు మినిట్స్‌కూ, వాటాల రిజిస్టర్‌కూ ఇదే సూత్రం పనికొస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి అయింది. కానీ ఆ లాగ్ ఉండేది కంపెనీ అదుపులోనే. బ్లాక్‌చెయిన్‌నైనా అడగాల్సింది అదే: నకళ్లు ఎవరెవరి దగ్గరున్నాయి? అన్నీ ఒకరి సర్వర్లలోనే ఉంటే అది పాత పద్దు పుస్తకమే. ఇక నోటిమాట మీద నడిచే రిజిస్టర్ కాని చిట్టీలంటారా, అవి ఏ గొలుసుకూ ఎక్కవు.