నికాహ్ అయింది... వీసా ఎప్పుడు?

విదేశంలో స్థిరపడిన అబ్బాయికి అమ్మాయినివ్వడం మన కుటుంబాల్లో కొత్తేమీ కాదు. నికాహ్ అవుతుంది, వలీమా అవుతుంది. నెల రోజుల సెలవు అయిపోగానే అల్లుడు విమానమెక్కుతాడు. అమ్మాయి పుట్టింట్లోనే ఉండిపోతుంది. అక్కడికెళ్లాక అతడు భార్య కోసం స్పాన్సర్‌షిప్ దరఖాస్తు పెడతాడు. ఇక అక్కడి నుంచి ఎదురుచూపులే. రంజాన్ వెళ్లిపోతుంది, బక్రీద్ వస్తుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లంతా "ఇంకా పంపలేదా?" అని అడగడం మొదలుపెడతారు.

ఈ దశలోనే చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. శాశ్వత నివాసం కాగితాలు వచ్చేలోగా విజిట్ వీసా మీద కొన్నాళ్లు వెళ్లి భర్త దగ్గర ఉండి రావచ్చు కదా అని. వెంటనే ఒక భయమూ పట్టుకుంటుంది. ఇలా చేస్తే అసలు ఫైలే చెడిపోతుందేమోనని. ఇంతలో ఏజెంటు ఒక సలహా పడేస్తాడు. "పెళ్లి సంగతి రాయకండి. పెదనాన్నగారింటికి వెళుతున్నట్టు రాద్దాం" అంటాడు.

కెనడా విషయంలో ఆ భయానికి ఆధారం లేదు. ఆ సలహా మాత్రం చాలా ప్రమాదకరమైనది. ఈ రెండు మాటలూ ప్రతి కుటుంబానికీ తెలియాలి.

చట్టం ఏమంటోంది?

కెనడా వలస, శరణార్థుల రక్షణ చట్టం 2001లో ఆమోదం పొంది, 2002 జూన్ 28న అమల్లోకి వచ్చింది. అందులో 22వ సెక్షన్ రెండో ఉపవిభాగం సరిగ్గా ఈ సమస్య గురించే చెబుతుంది. శాశ్వతంగా స్థిరపడాలనే ఉద్దేశం ఉన్నంత మాత్రాన తాత్కాలికంగా రావడానికి అది అడ్డంకి కాదు. అయితే అనుమతించిన గడువు తీరేలోగా ఆ వ్యక్తి దేశం విడిచి వెళతారని అధికారికి నమ్మకం కలగాలి. దీన్నే ద్వంద్వ ఉద్దేశం అంటారు. ఒకనాటికి అక్కడ కాపురం పెట్టాలనుకోవడం, ఇప్పటికి చూసి తిరిగి రావాలనుకోవడం ఒకే మనిషిలో ఉండవచ్చునని చట్టమే ఒప్పుకుంటోంది.

2023 మేలో కెనడా ప్రభుత్వం మరో అడుగు వేసింది. స్పాన్సర్‌షిప్ ఫైలు నడుస్తున్న భార్యాభర్తల విజిట్ వీసా దరఖాస్తుల్లో ఎక్కువ వాటిని 30 రోజుల్లో తేల్చేలా కొత్త పద్ధతి తెస్తున్నట్టు ప్రకటించింది. అంటే ఫైలు ఉందని చెప్పడం నేరం కాదు సరికదా, చెప్పినవారికి దారి సులువయ్యే ఏర్పాటే జరిగింది.

అధికారి వెతికేదేమిటి?

కెనడా విజిట్ వీసా తిరస్కరణ లేఖల్లో తరచుగా కనిపించే కారణం ఒకటుంది. గడువు తీరాక మీరు తిరిగి వెళతారన్న నమ్మకం కలగలేదు అన్నదే అది. భర్త అక్కడే ఉన్నాడు, ఇక ఈమె ఎందుకు తిరిగి వస్తుంది అన్నది అధికారి మనసులోని ప్రశ్న. దానికి జవాబు దరఖాస్తులోనే ఉండాలి.

అమ్మాయి బీఈడీ చదువుతుంటే కాలేజీ నుంచి లేఖ, పరీక్షల తేదీలు జతచేయాలి. ఉద్యోగం చేస్తుంటే మంజూరైన సెలవు పత్రం, జీతం చీటీలు పెట్టాలి. తల్లిదండ్రుల బాధ్యత చూసుకుంటుంటే ఆ సంగతి రాయాలి. ఇంతకుముందు ఉమ్రాకో, దుబాయికో వెళ్లి గడువులోగా తిరిగి వచ్చి ఉంటే పాస్‌పోర్టులోని ఆ ముద్రలు మంచి సాక్ష్యం. ఆస్తి కాగితాలు ఉంటే ఫరవాలేదు గానీ, తండ్రి పేరున్న పొలం పట్టా ఒక్కటీ చూపితే కూతురు తిరిగి వస్తుందని రుజువు కాదు.

అన్నిటికన్నా ముఖ్యం దరఖాస్తుతో జతచేసే లేఖ. అందులో నాలుగు సంగతులు సూటిగా ఉండాలి. నికాహ్ ఫలానా తేదీన జరిగింది. స్పాన్సర్‌షిప్ ఫైలు నంబరు ఇది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు భర్త దగ్గర ఉంటాను. ఈలోగా ఫైలు తేలకపోతే గడువులోగా తిరిగి వచ్చి ఇక్కడే ఎదురుచూస్తాను. ఆరు నెలలకు బదులు రెండు, మూడు నెలలు అడిగితే, చెప్పిన కారణానికీ అడిగిన రోజులకూ పొంతన కుదురుతుంది.

భర్త వైపు నుంచి ఆహ్వాన లేఖ, పీఆర్ కార్డు లేదా పౌరసత్వ పత్రం నకలు, ఉద్యోగం, జీతం వివరాలు, ఇంటి అద్దె ఒప్పందం కావాలి. విజిట్ వీసా ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలు, ఫొటోకు మరో 85 డాలర్లు. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు సందర్శకులకు 10 ఏళ్లు చెల్లుతాయి.

దాచితే పోయేది ఎవరిది?

ఇప్పుడు ఏజెంటు సలహా సంగతి చూద్దాం. దరఖాస్తులో వివాహ స్థితి అడుగుతారు. కుటుంబ సభ్యుల వివరాలు అడుగుతారు. ఇంతకుముందు కెనడాకు ఏదైనా దరఖాస్తు పెట్టారా, ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అని అడుగుతారు. స్పాన్సర్‌షిప్ ఫైలు కూడా అదే శాఖ దగ్గర ఉంది. అందులో భార్య పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు అన్నీ ఉన్నాయి. ఒకే శాఖకు ఒక కాగితంలో భార్యననీ, మరో కాగితంలో అవివాహితననీ రాస్తే దొరికిపోవడానికి ఎంతో సేపు పట్టదు.

అదే చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన విషయాన్ని దాచినా, తప్పుగా చెప్పినా 5 ఏళ్లు దేశంలోకి రానివ్వరు. ఆ 5 ఏళ్లూ శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే వీలు కూడా ఉండదు. మూడు నెలల ప్రయాణం కోసం ఆడిన అబద్ధం ఐదేళ్ల కాపురాన్ని మింగేస్తుందన్నమాట. "నాకు తెలియదు, ఏజెంటు రాశాడు" అంటే సాధారణంగా చెల్లదు. సంతకం ఎవరిదో బాధ్యత వారిదే. ఏజెంటు తన ఫీజు తీసుకుని ఇంకో ఇంటికి పోతాడు. పుట్టింట్లో కూర్చుని చుట్టాల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసింది అమ్మాయే.

డబ్బు తీసుకుని ఈ పని చేసేవారికి కెనడాలో లైసెన్సు ఉండాలి. న్యాయవాదులు కాని కన్సల్టెంట్లను నమోదు చేసే కాలేజీ 2021 నవంబరులో పని మొదలుపెట్టింది. అందులో పేరుందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. మన వీధి చివరి కన్సల్టెన్సీ బోర్డు చూసి నమ్మేముందు ఆ పని చేయండి.

టెలిఫోన్ నికాహ్‌తో చిక్కు

సెలవు దొరకలేదనో, టికెట్టు ఖర్చనో ఫోన్‌లో, వీడియోలో నికాహ్ జరిపించడం మన దగ్గర అక్కడక్కడా జరుగుతూనే ఉంది. వకీలు ద్వారా, సాక్షుల సమక్షంలో జరిగే అలాంటి నికాహ్ గురించి ఉలమాలు ఏం చెబుతారన్నది వేరే సంగతి. కెనడా వలస నిబంధనలు మాత్రం 2015 జూన్ 11 నుంచి దానిని స్పాన్సర్‌షిప్‌కు అంగీకరించడం లేదు. వివాహం జరిగే సమయంలో భార్యాభర్తలిద్దరూ స్వయంగా హాజరై ఉండాలి. కెనడా సైన్యంలో ఉద్యోగం వల్ల రాలేకపోయిన వారికి మాత్రమే మినహాయింపు ఉంది. ఇప్పటికే ఫోన్‌లో నికాహ్ అయినవారు ఇద్దరూ ఒకచోట హాజరై చట్టబద్ధంగా వివాహం జరుపుకుని, నమోదు చేయించుకున్న తర్వాతే స్పాన్సర్‌షిప్ గురించి ఆలోచించడం మంచిది.

ఇంకో సంగతి. మన పెళ్లిళ్లలో పెళ్లికూతురు ఆడవాళ్ల వైపు కూర్చుంటుంది. వకీలు, సాక్షులు లోపలికి వెళ్లి ఆమె అంగీకారం తీసుకుని వస్తారు. పెళ్లికొడుకు మగవాళ్ల వైపు ఖాజీ ముందు ఉంటాడు. ఈ పద్ధతి తెలియని అధికారి ఫొటోలు చూసి వధువు లేదేమో అనుకోవచ్చు. అందుకే పద్ధతిని రెండు వాక్యాల్లో వివరించి రాయండి. అదే హాలులో, అదే రోజున ఇద్దరూ ఉన్నట్టు తెలిపే ఫొటోలు కొన్నయినా దాచుకోండి.

కాగితాల్లో చిన్న తేడా, పెద్ద తలనొప్పి

నికాహ్‌నామా ఉర్దూలో ఉంటే ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం జతచేయాలి. అనువాదం కుటుంబ సభ్యులు చేయరాదు. నికాహ్‌నామా ఒక్కదానితో సరిపెట్టుకోకుండా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం 2002లోనే వచ్చింది. అది అన్ని మతాల వారికీ వర్తిస్తుంది.

పేర్ల విషయంలో మనవాళ్లు పడే అవస్థ ఇంతా అంతా కాదు. పాస్‌పోర్టులో షేక్ ఒక స్పెల్లింగుతో, పదో తరగతి మెమోలో మరో స్పెల్లింగుతో ఉంటుంది. నికాహ్‌నామాలో బేగం చేరుతుంది, ఆధార్‌లో ఉండదు. నికాహ్ రోజున ఖాజీ సాహెబ్‌కు పాస్‌పోర్టు నకలు ఇచ్చి, అందులో ఉన్నట్టే రాయమని అడగండి. ఆ రోజు ఐదు నిమిషాలు చూసుకుంటే తర్వాత అఫిడవిట్ల కోసం తిరిగే పని తప్పుతుంది.

వెళ్లాక పాటించవలసినవి

వీసా అంటించినంత మాత్రాన అన్ని రోజులూ ఉండవచ్చని కాదు. విమానాశ్రయంలో సరిహద్దు అధికారి ఎన్నాళ్లు ఉండవచ్చో నిర్ణయిస్తాడు. ప్రత్యేకంగా తేదీ రాయకపోతే సాధారణంగా 6 నెలలు. అక్కడ కూడా ప్రశ్నలు అడుగుతారు. దరఖాస్తులో రాసిందే నోటితోనూ చెప్పాలి. లేఖ నకలు, తిరుగు ప్రయాణం టికెట్టు చేతిసంచిలో ఉంచుకోవాలి.

ఇంకొన్నాళ్లు ఉండాల్సి వస్తే గడువు తీరకముందే పొడిగింపు కోరాలి. అలా కోరినవారు నిర్ణయం వచ్చేవరకు ఉండవచ్చు. విజిట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. దుకాణంలో గంటల లెక్కన పనిచేసినా అది ఉద్యోగమే. స్పాన్సర్‌షిప్ ఫైలు ఉండి, కెనడాలో చట్టబద్ధంగా ఉన్న భార్యలు పని అనుమతికి దరఖాస్తు చేసుకునే వెసులుబాటును 2023 మేలో విస్తరించారు. అది చేతికి వచ్చాకే పని.

సందర్శకులకు అక్కడి ప్రభుత్వ వైద్య బీమా వర్తించదు. ఆస్పత్రి ఖర్చు సొంతంగా భరించాలి. కాబట్టి ప్రయాణ బీమా లేకుండా బయలుదేరవద్దు. గర్భవతి అయితే ప్రసవం ఖర్చు ఆ బీమా భరిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

అమెరికా సంగతి వేరు

కెనడాకు పనికొచ్చిన సలహా అమెరికాకు పనికిరాదు. అక్కడి చట్టంలో విజిట్ వీసాకు ద్వంద్వ ఉద్దేశం అన్న సౌకర్యం లేదు. 214(బి) సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారు స్థిరపడడానికే వస్తున్నారని ముందుగా అనుకుని, కాదని రుజువు చేసుకునే భారం వారిమీదే వేస్తారు. భర్త వేసిన ఐ-130 పిటిషన్ నడుస్తుంటే ఆ రుజువు ఇంకా కష్టం. ఫారంలోనే మీ పేరున వలస పిటిషన్ ఉందా అని అడుగుతారు. కావాలని అబద్ధం చెప్పి వీసా కోరితే అక్కడ శాశ్వతంగా తలుపు మూసుకుపోవచ్చు. మినహాయింపులు కొద్దిమందికే దక్కుతాయి.

భర్త అమెరికా పౌరుడైతే భార్యకు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాడైతే పరిమితి ఉంటుంది, ఎదురుచూపు పెరుగుతుంది. అలాంటి చోట భార్యను పంపే ప్రయత్నం కన్నా భర్తే సెలవుపెట్టి వచ్చిపోవడం క్షేమం.

కొన్ని సందేహాలు

కెనడా విజిట్ వీసా నిరాకరిస్తే స్పాన్సర్‌షిప్ కూడా పోతుందా?

పోదు. రెండూ వేరువేరు దరఖాస్తులు. అయితే ఆ నిరాకరణ సంగతి ఇకముందు ప్రతి దరఖాస్తులోనూ చెప్పాలి. అధికారి ఫైలులో ఏం రాశాడో తెలుసుకోవడానికి భార్య అనుమతితో భర్త 5 డాలర్లు కట్టి సమాచార హక్కు కింద నకలు కోరవచ్చు. అది చూసి, లోపం సరిదిద్దిన తర్వాతే మళ్లీ వేయాలి. అవే కాగితాలు మళ్లీ పంపితే అదే జవాబు వస్తుంది.

అక్కడికి వెళ్లాక ఫైలును కెనడా లోపలి తరగతికి మార్చుకోవచ్చా?

పాతది వెనక్కి తీసుకుని కొత్తగా వేయాలి. దానికి ముందు ఒకటి ఆలోచించండి. బయటి నుంచి వేసిన ఫైలును నిరాకరిస్తే భర్తకు అప్పీలు హక్కు ఉంటుంది. లోపలి తరగతికి ఆ హక్కు లేదు. బయటి ఫైలు నడుస్తుండగానే విజిట్‌కు వెళ్లి రావచ్చు.

ఫొటోకు హిజాబ్ తీయాలా?

మత కారణంతో తలపై వస్త్రం ఉంచుకోవచ్చు. ముఖం మాత్రం పూర్తిగా, నీడ పడకుండా కనిపించాలి.

పెద్దలు అడగవలసిన ప్రశ్నలు

సంబంధం మాట్లాడేటప్పుడు మెహర్ ఎంత, వలీమా ఎక్కడ అని గంటలకొద్దీ చర్చిస్తాం. అబ్బాయి హోదా ఏమిటని మాత్రం మొహమాటానికి అడగం. అతడు పౌరుడా, పీఆర్ ఉన్నవాడా, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడా? కెనడాలో స్పాన్సర్ చేయాలంటే పౌరుడో, పీఆరో అయి ఉండాలి. పీఆర్ ఉన్నవాడు అక్కడే నివసిస్తూ ఉండాలి. స్పాన్సర్ చేసే భర్త, భార్య పీఆర్ పొందిన రోజు నుంచి 3 ఏళ్లపాటు ఆమె పోషణ బాధ్యత తనదేనని ప్రభుత్వానికి రాతపూర్వకంగా హామీ ఇస్తాడు. మధ్యలో మనస్పర్థలు వచ్చినా ఆ హామీ రద్దు కాదు. ఈ సంగతి అమ్మాయికీ తెలిసి ఉండాలి.

దరఖాస్తు మీద అమ్మాయి చేత సంతకం పెట్టించేముందు ప్రతి పేజీ ఆమె చేత చదివించండి. ఇంగ్లీషు రాకపోతే చదివి వినిపించండి. ఖాళీ ఫారం మీద సంతకం వద్దే వద్దు. తిరిగి వస్తామని రాసి ఇచ్చిన మాట నికాహ్‌లో ఇచ్చిన మాటలాంటిదే. ఆ మాట నిలబెట్టుకుని గడువులోగా తిరిగి వచ్చిన అమ్మాయికి రెండోసారి వీసా అడిగేటప్పుడు ఆ పాస్‌పోర్టు ముద్రే అందరికన్నా పెద్ద సాక్షి.