చచ్చినవాడు బ్రతికే ఆట

నూజివీడు ప్రాంతంలో ఇద్దరు పెద్దమనుషులు ఎదురుపడితే కుశలప్రశ్నలు రెండే. మొదటిది, "ఈ ఏడు పూత ఎలా ఉన్నదండీ?" రెండవది, "తోట అమ్మేశారా, ఇంకా చూస్తున్నారా?" నాకు తోట లేదు. బడిపంతులును. పెరటిలో ఒక చిన్నరసం చెట్టు మాత్రం ఉన్నది. దాని పూత సంగతి దానికే తెలియదు. అయినా, పన్నెండు పోటీలుగా నేనూ ఒక కాపు కోసం కళ్ళు కాయలు కాచేటట్లు చూస్తున్నాను. నా తోట పేరు తెలుగు టైటన్స్.

లోకం కబడ్డీ అనే ఆటను మనవారు చెడుగుడు అన్నారు. సంక్రాంతినాటికి కోతలైన మళ్ళలో గీతలు గీసి, మోకాళ్ళు చెక్కుకుపోయేటట్లు ఆడిన ఆట అది. అది 1990లో బీజింగులో ఆసియా క్రీడల పతకాల పోటీ అయింది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ అనే పేర దీపాల వెలుగులోకి, మెత్తని మ్యాట్ మీదికి ఎక్కింది. ఆ తొలి ఏటి ఎనిమిది జట్లలో మన భాష పేరు పెట్టుకొన్న జట్టు ఒకటి ఉన్నది. ఇక భక్తుడికి వేరే ప్రమాణం ఏమి కావాలి?

"ఆ జట్టులో తెలుగువాళ్ళు ఎందరు మాస్టారూ?" అని వెక్కిరించే మిత్రులు నాకున్నారు. మొదటి ఏళ్ళలో మా ఆరాధ్యదైవం రాహుల్ చౌధరి. ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోరు కుర్రవాడు. అయితేనేం? బంగినపల్లి మాత్రం మా ఊళ్ళో పుట్టిందా? సీమనుంచి వచ్చి మా నేలలో వేళ్ళూని, మా రసాలకే పోటీ అయి కూర్చోలేదా? రాహుల్ కూతకు వెళితే మా వీధి అరుగులమీద ఊపిరి బిగబట్టేవాళ్ళం. 2015లో మూడవ స్థానం వచ్చింది. "వచ్చే ఏడు విరగకాస్తుంది" అన్నాను. మామిడి రైతు అనే మాట కూడా అదే గదా.

కాని మామిడి ఒక ఏడు కాస్తే మరుసటి ఏడు మొహం చాటేసే చెట్టు. మా జట్టు ఆ పాఠాన్ని మరీ శ్రద్ధగా నేర్చుకొన్నది. 2021 డిసెంబరులో ఎనిమిదవ పోటీ మొదలయ్యేనాటికి బయట తోటలలో పూత విచ్చుకొంటున్నది. తేనెమంచు పురుగు పూతను పట్టింది. ఓటమి మా జట్టును పట్టింది. పురుగుకైతే మందు కొట్టవచ్చు. 22 ఆటలలో ఒక్క గెలుపు, 17 ఓటములు, 4 సమానాలు. పన్నెండు జట్లలో పన్నెండవ స్థానం. తరువాతి పోటీలో 2 గెలుపులు, 20 ఓటములు. అంటే నూటికి నూరు శాతం అభివృద్ధి! స్థానం మాత్రం మారలేదు.

అప్పుడు యాజమాన్యంవారు కళ్ళు మూసుకొని సంచీ విప్పారు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నారు. అప్పటికి ఆ లీగులో అంత ధర పలికిన ఆటగాడు లేడు. ఆ పోటీలో మా గెలుపులు మళ్ళీ రెండే; ఓటములు 19, సమానం ఒకటి. ఒక్కొక్క గెలుపుకు ఎంత పడిందో లెక్కగట్టి నా శ్రీమతి నాకు చెప్పింది, నేను వినిపించుకోలేదు. సెహ్రావత్ దోషం లేదు. ఆయన ఆడాడు. ఒక చెట్టు ఎంత మేలైనదైనా తోట కాదు, అంతే.

మూడు పోటీలు కలిపితే 66 ఆటలు, 5 గెలుపులు, 56 ఓటములు, 5 సమానాలు. అమెరికాలో షికాగో కబ్స్ అనే బేస్‌బాల్ జట్టు అభిమానులు 1908 నుంచి 2016 దాకా, 108 ఏళ్ళు, ఒక్క టైటిల్ కోసం వేచి ఉన్నారట. వారి కథ చదివి నేను ధైర్యం తెచ్చుకొన్నాను. మాకింకా చాలా వ్యవధి ఉన్నది.

ఇంతవరకు చెప్పినది పరిహాసం. ఇక అసలు సంగతి.

2022 ఫిబ్రవరిలో, ఎనిమిదవ పోటీలో మా జట్టు ఆటలు ముగిసినప్పుడు, ఉక్రోషం కొద్దీ ఆ పట్టికను తొమ్మిదవ తరగతి నల్లబల్లమీద లెక్కగా వేశాను. గెలిస్తే 5 పాయింట్లు, సమానమైతే 3. ఒక గెలుపు, నాలుగు సమానాలు. మొత్తం 17 కావాలి. కాని జట్టుకు వచ్చినవి 27. మిగిలిన పది ఎక్కడివి? తరగతిలో మొదటి మార్కులవాళ్ళు తలలు గోక్కొన్నారు. చివరి బల్లమీద నుంచి ఒక కుర్రవాడు లేచాడు. "ఏడు, అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒక పాయింటు ఇస్తారండీ. పదిహేడు ఓటముల్లో పది అటువంటివేనండీ. మనవాళ్ళు దగ్గరదాకా వచ్చి ఓడిపోయారు మాస్టారూ."

లెక్క సరిపోయింది. నేను నిలబడిపోయాను. వాడు బడి జట్టులో ఎడమ మూల కాచే కుర్రవాడు. కూతగాని మడమ దొరికితే వదలడు. లెక్కలలో వరుసగా మూడు పరీక్షలు తప్పాడు. ఆ తరువాత వాణ్ణి నేను లేపి ఒక్క ప్రశ్న అడిగిన జ్ఞాపకం లేదు. పదిహేడుసార్లు ఓడిన జట్టుకోసం రాత్రి పదింటిదాకా మేలుకొన్న మనిషిని, మూడుసార్లు తప్పిన పిల్లవాణ్ణి పట్టికలోంచి కొట్టివేశాను. జట్టు నన్నెరుగదు. వాడు రోజూ నా ఎదుట కూర్చునేవాడు.

చెడుగుడులో ఒక ధర్మం ఉన్నది. తాకుడుపడ్డవాడు చచ్చినట్టే బయటికి పోతాడు. కాని అవతలివాడొకణ్ణి మనవాళ్ళు చంపగానే ఇతడు బ్రతికి లోపలికి వస్తాడు. ఇప్పటి నియమాలలో ఇంకొకటి కూడా ఉన్నది. బరిలో ముగ్గురో, అంతకంటే తక్కువమందో మిగిలినప్పుడు కూతగానిని పట్టుకొంటే ఒకటికి బదులు రెండు పాయింట్లు. ఉన్నవానికి కాదు, చితికినవానికి ఎక్కువ ఇస్తారన్నమాట. మా మార్కుల విధానంలో అటువంటి అధ్యాయం లేదు.

ఆనాటినుంచి వాడికి శాతాలు, సగటులు, నిష్పత్తులు చెడుగుడు పట్టికలతోనే చెప్పాను. ఓడే జట్టు అభిమానికి ఉదాహరణలకు కొదవ ఉండదు. 2023లో వాడు పదవతరగతి గట్టెక్కాడు. లెక్కలలో ఎన్ని వచ్చాయని అడగకండి. పూగుత్తిలో వందల పూలు రాలి నాలుగు కాయలు నిలిచినా రైతు దానిని కాపు అనే అంటాడు. నా జట్టుకంటే వాడే ముందు గెలిచాడు.

జట్టూ కోలుకొన్నది. 2024లో 22 ఆటలకు 12 గెలిచి ఏడవ స్థానంలో నిలిచింది. ముందుకు వెళ్ళేది ఆరు జట్లే కావడం మా జాతకం. 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో పన్నెండవ పోటీ మొదలైతే, సొంతగడ్డమీద తొలి ఆటలోనే తమిళ తలైవాస్ చేతిలో 38–35తో ఓడాం. తరువాత విజయ్ మాలిక్ నాయకత్వంలో, భరత్ హుడా కూతలతో ఫైనల్ గడపదాకా వెళ్ళి, అక్కడ పుణేరి పల్టన్‌కు 50–45తో తలవంచాం.

ఆ రాత్రి టీవీ కట్టి, దిగులుగా పెరటిలోకి వచ్చి నా చిన్నరసం చెట్టుకింద కూర్చున్నాను. ఫోను మోగింది. వాడే. ఇప్పుడు ఎక్కడో పని నేర్చుకొంటున్నాడు.

"మాస్టారూ, చూశారా? అయిదే తేడా అండీ. ఏడు లోపే!"

నాకౌటు ఆటలో అటువంటి దయాధర్మపు పాయింట్లు ఉండవని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. "ఔనురా, ఒకటి వేసుకో" అన్నాను.