పెట్టె అడుగున ఒక అమానత్

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మన ఇళ్లలో నిఖా ఫోటోల, హజ్‌కు సాగనంపిన నాటి ఫోటోల నెగటివ్‌లు పాత పెట్టెల్లో ఇంకా ఉన్నాయి. సముద్రతీరపు తేమకు ఫిల్ముపైనున్న జిలటిన్ పొర బూజు పడుతుంది, ముఖాలు చెరిగిపోతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులను చూసిన మనం ఇక ఆలస్యం చేయరాదు.

అచ్చు ఫోటోకన్నా నెగటివ్‌నే స్కాన్ చేయించడం మేలు. వివరాలు అందులోనే ఎక్కువ. కడిగించని రీలుంటే అది రంగులదో, నలుపు తెలుపుదో ముందే చెప్పాలి. రెండింటి రసాయనాలు వేరు. ఇంటి స్త్రీల చిత్రాలు కూడా అమానతే. పని ముగిసేదాకా ఎదుటే ఉండి, దుకాణం కంప్యూటర్‌లోని ప్రతులను తీసివేయించాలి. ఫైళ్లను రెండుచోట్ల దాచుకోవాలి, నెగటివ్‌లను పారవేయరాదు.

ఆపై పెద్దలను కూర్చోబెట్టి ప్రతి ముఖానికీ పేరు రాయించుకుందాం. ఆ పేర్లు వారితోనే వెళ్లిపోతే ఏ యంత్రమూ తిరిగి తేలేదు.