రీల్స్‌లో చూసే కొలిమి పని చేతులతో నేర్చుకోవచ్చా? సిద్దిపేటలో ఉన్న దారులేంటి?

ఎర్రగా కాగిన ఇనుప ముక్క, దానిపై సుత్తె దెబ్బ, ఎగిసిపడే నిప్పురవ్వలు. ఫోన్‌లో ఇలాంటి వీడియో ఒక్కటి పూర్తిగా చూస్తే చాలు, ఆ తర్వాత ఫీడ్ నిండా అవే వస్తుంటాయి. చూసిన చాలామందికి వచ్చే డౌట్ ఒక్కటే: ఇది మనం నేర్చుకోవచ్చా? ఎవరు నేర్పిస్తారు?

అమెరికాలో అయితే ఇదొక పెద్ద హాబీ. నార్త్ కరోలినాలోని బ్రాస్‌టౌన్‌లో 1925లో మొదలైన జాన్ సి. క్యాంప్‌బెల్ ఫోక్ స్కూల్‌లో ఇప్పటికీ వారం రోజుల కమ్మరి క్లాసులు నడుస్తున్నాయి. సుత్తె ఎప్పుడూ పట్టనివాళ్లు కూడా ఫీజు కట్టి చేరతారు. 1973లో అక్కడి కమ్మరులు ఒక జాతీయ సంఘమే పెట్టుకున్నారు.

మన దగ్గర హాబీ క్లాస్ అనే మాట కొత్తగా అనిపించొచ్చు. కానీ పది, ఇరవై మంది కలిసి కొలిమి దగ్గర నిలబడి నేర్చుకునే పద్ధతి తెలంగాణలో ఇప్పటికే ఉంది. ఇంజనీరింగ్ ఫస్టియర్ గుర్తుందా? జేఎన్‌టీయూ హైదరాబాద్ సిలబస్‌లోని వర్క్‌షాప్ సబ్జెక్టులో కార్పెంటరీ, ఫిట్టింగ్‌తో పాటు బ్లాక్‌స్మితీ కూడా ఒక ట్రేడ్. గుండ్రటి కడ్డీని చదరంగా కొట్టడం, ఎస్ ఆకారం కొక్కెం, ఫ్యాన్ హుక్ చేయడం అందులోని ఎక్సర్‌సైజులు. చాలామంది రికార్డు రాసి మర్చిపోయి ఉంటారు. నిజానికి ప్రపంచంలో ఎక్కడైనా కొత్తవాళ్లకు మొదట నేర్పేది దాదాపు ఇదే.

ఎందుకంటే మొదటి రోజు నేర్చుకోవాల్సింది కత్తి చేయడం కాదు, రంగు చూడటం. ఇనుము వేడి ఎంతుందో కమ్మరి థర్మామీటర్‌తో కొలవడు, రంగు చూసి చెప్తాడు. మసక ఎరుపులో ఉంటే ఇంకా కాగలేదని అర్థం. నారింజ, పసుపు రంగుల్లోకి వస్తే దెబ్బకు సాగుతుంది. తెల్లగా మారి, కొలిమిలోనే చిటపటమని రవ్వలు రాల్చిందంటే ఇనుము కాలిపోతున్నట్టే, ఆ ముక్క ఇక పనికిరాదు. ఈ రంగులు పట్టపగలు ఎండలో సరిగా కనిపించవు. అందుకే ఊళ్లలో కొలిమి ఎప్పుడూ కొట్టం కిందో, చెట్టు నీడనో ఉంటుంది.

రెండో పాఠం సుత్తె. బలంగా కొట్టడం కంటే ఒకే చోట, ఒకే లయలో కొట్టడం ముఖ్యం. ఇద్దరు కలిసి కొట్టేటప్పుడు చూడాలి. పటకారుతో ఇనుము పట్టుకున్న మనిషి చిన్న సుత్తెతో ఎక్కడ తడితే, ఎదుటి మనిషి సమ్మెట సరిగ్గా అక్కడే దిగుతుంది. మధ్యలో మాటలుండవు. మన ఊళ్లలో ఆ సమ్మెట కొట్టేది, తిత్తి ఊదేది చాలా ఇళ్లలో కమ్మరి భార్యే. ఆ పనికి ఆమె పేరు ఎక్కడా రాయరు, అది వేరే సంగతి.

ఇక పదును. కొడవలి నిలవాలంటే ఇనుములో కార్బన్ ఉండాలి. ఇంటి స్లాబుకు వాడే మామూలు కడ్డీని ఎంత కాచి నీళ్లలో ముంచినా పెద్దగా గట్టిపడదు. అందుకే ఊరి కమ్మరి పాత లారీ కమాన్ పట్టీల కోసం వెతుకుతాడు, అందులో సుమారు 0.6 శాతం కార్బన్ ఉంటుంది. దాన్ని కాస్తున్నప్పుడు మధ్యమధ్యలో అయస్కాంతం దగ్గర పెట్టి చూడొచ్చు. దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇనుము అయస్కాంతానికి అంటుకోదు. ఆ పైన ఇంకొంచెం కాచి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ మెల్లగా వేడి చేస్తే పైన లేత పసుపు, ఊదా, నీలం రంగులు వరసగా పాకుతాయి. ఏ రంగు దగ్గర ఆపాలన్నది చేసే పనిముట్టును బట్టి ఉంటుంది. వీడియోల్లో ఈ భాగాన్ని మూడు సెకన్లలో లేపేస్తారు. అసలు పనంతా ఉన్నది అక్కడే.

మరి సిద్దిపేటలో ఎవరి దగ్గర నేర్చుకోవాలి? జిల్లాకు ఇనుముతో బంధం కొత్తదేం కాదు. నంగునూరు మండలం నర్మెట్టలో, సిద్దిపేట దగ్గరి పుల్లూరులో 2017లో పురావస్తు శాఖ తవ్వింది ఇనుప యుగం నాటి పెద్దరాతి సమాధులనే. నిజామాబాద్ జిల్లా కోనాసముద్రంలో తయారైన ఉక్కును కొనడానికి పర్షియా వ్యాపారులు వచ్చేవారని 1820ల్లో హెన్రీ వాయ్‌సీ అనే బ్రిటిష్ ఉద్యోగి రాసిపెట్టాడు. దక్షిణ భారతంలోని ఈ ఉక్కునే ఇంగ్లిష్‌లో 'వూట్జ్' అన్నారు. ఆ పేరు మన 'ఉక్కు' నుంచే వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం.

ఇప్పటి పరిస్థితి మాత్రం వేరు. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చాక కర్రు సాగగొట్టే పని పోయింది. కాలువల నీళ్లు వచ్చి జిల్లాలో వరి పెరిగినా, కోతంతా హార్వెస్టర్‌దే. కొడవలి, పార రెడీమేడ్‌గా షాపులో దొరుకుతున్నాయి. ఒకప్పుడు ఏడాదికి ఇన్ని వడ్లని కొలిచి ఇచ్చే రైతు ఇప్పుడు కొలిమి వైపు వచ్చేది గొడ్డలికో, గడ్డపారకో పదును కావాలంటేనే. కొడుకులు వెల్డింగ్ షాపులు పెట్టుకుంటున్నారు, తప్పు పట్టడానికేం లేదు.

ప్రభుత్వ శిక్షణ లేదా అంటే ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులుంటే అందులో కమ్మరి పని ఒకటి. బేసిక్ ట్రైనింగ్ 5 నుంచి 7 రోజులు, మొత్తం 40 గంటలు. ఆసక్తి ఉంటే ఆపైన 15 రోజుల అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్. ట్రైనింగ్‌లో రోజుకు రూ.500 స్టైపెండ్, పనిముట్లకు రూ.15,000 వోచర్ ఇస్తారు. 5 శాతం వడ్డీకి మొదట రూ.లక్ష, అది తీర్చాక రూ.2 లక్షల లోన్ తీసుకోవచ్చు. కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్‌తో ఫ్రీగా రిజిస్టర్ చేసుకోవచ్చు.

ఒక్క విషయం గమనించాలి. ఇది ఆ వృత్తిని కుటుంబంలో చేస్తూ వచ్చినవాళ్ల కోసం. 18 ఏళ్లు నిండాలి, ఇంటికి ఒక్కరికే. అప్లికేషన్‌ను ముందు గ్రామ పంచాయతీ స్థాయిలో చెక్ చేస్తారు. సరదాగా నేర్చుకుందామనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇందులో సీటు లేదు, ఉండకూడదు కూడా.

అలాంటివాళ్లకు మిగిలిన దారి సింపుల్. ఇంకా కొలిమి వెలుగుతున్న ఊరికి నలుగురైదుగురు కలిసి వెళ్లి, పెద్దాయనతో ముందే మాట్లాడుకుని, రోజు కూలీ కాకుండా గురువుకిచ్చే ఫీజు ఇచ్చి నేర్చుకోవడం. బొగ్గు, ఇనుము ఖర్చు మీరే పెట్టుకోవాలి. 'వీడియో తీసుకుంటాం, ఫేమస్ అవుతావు తాతా' అని చెప్పి ఉత్త చేతులతో రావడం మాత్రం బాగోదు.

వెళ్లేముందు కొన్ని జాగ్రత్తలు. కాటన్ బట్టలే వేసుకోవాలి, పాలిస్టర్ అయితే నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. బూట్లు, కళ్లద్దాలు తప్పనిసరి. జింకు పూత ఉన్న జీఐ పైపు ముక్కలు కొలిమిలో పెట్టొద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం, వాంతులు వస్తాయి. తలుపులు మూసిన గదిలో బొగ్గు రాజేయడం ప్రాణాలకే ప్రమాదం. కొత్తవాళ్ల చేతులు ఎక్కువగా కాలేది ఎర్రటి ఇనుముతో కాదు, చల్లారిందనుకుని పట్టుకునే నల్లటి ఇనుముతో. 400 డిగ్రీల వేడిలో కూడా అది నల్లగానే కనిపిస్తుంది.

రీల్స్ చూసి కత్తులు చేద్దామనుకునేవాళ్లకు ఇంకో మాట. 9 అంగుళాలకు మించి పొడవు లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు అంచు ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల కిందకు వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి వాడేవాటికి మినహాయింపు ఉంది. కాబట్టి కొక్కెం, మేకు, కూరగాయల కత్తి, చిన్న కొడవలి... ఆ వరసలో వెళ్లడం మంచిది.

టైమ్ కూడా చూసుకోవాలి. పొలం పనుల్లేని రోజుల్లో వెళ్తే కూర్చోబెట్టి చూపిస్తారు. తొలకరి ముందు మాత్రం పారలు, గొడ్డళ్లు వరసలో ఉంటాయి, పలకరించినా తలెత్తే తీరిక ఉండదు.