చుట్టానికీ ఇంటివారికీ మధ్య కబురు మోసేదెవరు?

బీదర్ జిల్లా కుశనూర్ వైపు కన్నడ, మరాఠీ, ఉర్దూలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. 1956 నవంబరు 1 దాకా ఈ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కోసం 350ఏ అధికరణం రాజ్యాంగంలో చేరిందీ ఆ ఏడాదే. పుస్తకం సంగతి సరే, మరి బడి కంప్యూటర్?

ఉన్న విండోస్‌ను చెరపకుండానే తెలుగు తెర తెచ్చుకోవచ్చు. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి, దాని లోపల లినక్స్‌ను తెలుగులో నడిపిస్తే చాలు. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ బడిపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ను తెలుగులో రూపొందించింది కూడా. అసలు కంప్యూటర్ ఇంటి యజమాని అయితే, ఈ వర్చువల్ మెషీన్ చుట్టం.

టీచర్లు విసిగిపోయేది ఆ తర్వాతే. తెర చిన్న డబ్బాలా ఉంటుంది. మౌస్ లోపల ఇరుక్కుంటుంది (కుడివైపు కంట్రోల్ మీట నొక్కితే బయటికొస్తుంది). తెలుగులో టైపు చేసిన ప్రశ్నపత్రం విండోస్‌లోకి రాదు. తప్పు లినక్స్‌ది కాదు, తెలుగుది అసలే కాదు. ఇద్దరి మధ్య కబురు మోసే సేవలు ఇంకా పెట్టలేదంతే. వర్చువల్‌బాక్స్‌లో వాటి పేరు ‘గెస్ట్ అడిషన్స్’. మైక్రోసాఫ్ట్ హైపర్-వీలో ‘ఇంటిగ్రేషన్ సర్వీసెస్’, మరో కంపెనీది ‘వీఎంవేర్ టూల్స్’. గెస్ట్ అడిషన్స్‌ను విండోస్‌లో కాదు, లోపలి లినక్స్‌లో పెట్టాలి. కిటికీ పైనున్న ‘డివైసెస్’ మెనూలో వాటి సీడీ దొరుకుతుంది.

పెట్టేటప్పుడు నెట్ కావలసి రావచ్చు గానీ, తర్వాత అక్కర్లేదు. వర్చువల్ మెషీన్‌కు ఇచ్చిన ఒక ఉత్తుత్తి కార్డు గుండానే ఈ సేవలు యజమానితో మాట్లాడతాయి. నిన్న మధ్యలో ఆపిన మెషీన్‌ను ఇవాళ తెరిస్తే గడియారం నిన్నటి దగ్గరే ఆగి ఉండొచ్చు. సమయం సరిచేసేదీ ఇవే. హైపర్-వీలోనైతే ‘బతికే ఉన్నా’నని ఎప్పటికప్పుడు యజమానికి చెప్పే సేవ ఒకటి, పద్ధతిగా మూసే సేవ మరొకటి ఉన్నాయి.

అన్ని తలుపులూ తెరవమని మేం చెప్పం. కాపీ-పేస్ట్ దారి మొదట మూసే ఉంటుంది. పిల్లలు కూర్చునే యంత్రంలో అలాగే ఉండనివ్వండి. పాఠాలకు ఒక్క ఫోల్డర్ పంచి, ‘రీడ్ ఓన్లీ’ టిక్కు పెట్టండి. మార్కులు, ఆధార్ నకళ్లు ఉన్న ఫోల్డర్ మాత్రం పంచవద్దు. లినక్స్‌లో ఆ ఫోల్డర్ కనిపించినా తెరుచుకోకపోతే, మీ యూజర్‌ను ‘వీబాక్స్ఎస్ఎఫ్’ గ్రూపులో చేర్చి మళ్లీ లాగిన్ కండి.